నలభైమంది నాయకులు, ఒక బోయీ

ధూమగిరి శిఖరం కంటపడగానే రత్నావతీపురం నాయకులు నలభైమందీ ఒక్కసారిగా పరుగు లంకించుకున్నారు. ఎదుట శత్రువు లేడు, వెనుక పులి లేదు. మిగిలిన ముప్ఫై తొమ్మిదిమంది కంటే తానే ముందుండాలన్న పట్టుదల ఒక్కటే ఒక్కొక్కణ్ణీ తరిమింది.

వాళ్ళ వెనకాల కావడి మోసుకుంటూ గవరయ్య వస్తున్నాడు. గవరయ్య మేనా మోసే బోయీ. ఆ దండులో నాయకుడు కానివాడు అతనొక్కడే. నలభైమంది నగలపెట్టెలూ, పట్టుపంచెలూ, నిలువుటద్దాలూ అతని భుజం మీదే ఉన్నాయి.

రత్నావతీపురాన్ని ఏలే ధవళకీర్తి మహారాజుకు ఎవరి మీద ముచ్చట కలిగినా "నేటి నుంచి నువ్వు నాయకుడివి" అనడం అలవాటు. మొదట్లో సేనను నడిపేవాడు సేనానాయకుడయ్యాడు, బాగానే ఉంది. తరువాత పులుసు రుచిగా కాచినవాడు గరిటెనాయకుడయ్యాడు. కొలువులో అందరికంటే గట్టిగా దగ్గినవాడు కొలువునాయకుడయ్యాడు. ఛత్రం పట్టేవాడు గొడుగునాయకుడు, పావురాలకు గింజలు చల్లేవాడు కపోతనాయకుడు. చివరికి కోటలో ఎవరైనా "నాయకా!" అని పిలిస్తే గుర్రపుశాల నుంచి కూడా "ఏమి?" అని జవాబు వచ్చేది. బోయీలకు మాత్రం రాజు ఆ బిరుదు ఇవ్వలేదు. ఇస్తే మేనా ఎవరు మోస్తారు?

మూడు రోజుల కిందట రాజకుమార్తె హేమలేఖ ఉద్యానవనానికి బయలుదేరింది. మేనా ముందుకొమ్ము గవరయ్య పట్టాడు, వెనుకకొమ్ము అతని అక్క మొగుడు ఎర్రప్పడు పట్టాడు. నడిదారిలో ఆకాశం నుంచి నల్లటి పొగ ఏనుగుతొండంలా దిగి మేనాను చుట్టి పైకి లాగింది. గవరయ్య చేతిలోంచి కొమ్ము జారిపోయింది. వెనుక ఎర్రప్పడు మాత్రం పట్టు విడవలేదు. కాళ్ళు గాలిలో తన్నుకుంటూ, "ఒరే గవరయ్యా, ఇదెక్కడికిరా?" అని అరుస్తూ మబ్బుల్లో కలిసిపోయాడు. ఆ పొగ ధూమగిరి దిక్కుగా సాగిపోయింది.

రాజకుమార్తె కోసం కోటలో నలభైమంది కత్తులు దూశారు. గవరయ్య అక్క పైడమ్మ మాత్రం చంకలో పిల్లతో గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రాకుమారి కోసం రాజుగారున్నారు. నా మొగుడి కోసం ఎవరున్నార్రా? ఆయన్ని గాలికొదిలేసి నువ్వొక్కడివీ ఎలా తిరిగొచ్చావు? పో. ఆయన్ని తీసుకురా. తీసుకురాకపోతే నా గడప తొక్కకు."

అదీ గవరయ్య ఈ దండులో చేరిన కారణం.

అడవిలో దారి ఒక మనిషి పట్టేంత వెడల్పే ఉంది. కానీ ఎవరూ ఎవరి వెనుకా నడవరు గదా! నలభైమందీ భుజం భుజం కలిపి ఒకే వరుసగా, అడ్డంగా నడిచారు. నడిమివాడు దారి మీద నడిస్తే మిగతావాళ్ళు పొదల్లో, ముళ్ళలో, వాగుల్లో నడిచారు. చెట్టు అడ్డమొస్తే పక్కకు తొలగితే వెనుకబడతామని చెట్టెక్కి అటువైపు దిగారు. కపోతనాయకుడు ఒక తుమ్మచెట్టు మీద రెండు ఝాములు ఉండిపోయాడు. దండు మొత్తం అతని కోసం, కదలకుండా, అడ్డంగా నిలబడి వేచింది. ముందుకు పోతే అతనికి అన్యాయమవుతుందని జాలిపడి ఆగారనుకునేరు! ఎవరు ముందు అడుగువేయాలో తేలక ఆగారు.

ఇప్పుడు ధూమగిరి పాదం దగ్గర ఆ వరుస ఠక్కున ఆగిపోయింది.

ఎదురుగా కొండచరియ నీలమణిలా నిగనిగలాడుతోంది. దాని నిండా ఎర్రని లతలు అల్లుకుని, ఒక్కొక్క పువ్వులోంచి సన్నని పొగ సువాసనతో లేస్తోంది. చరియ నడుమ ఏడు తాటిచెట్ల ఎత్తున ఒక రాతిముఖం. పచ్చటి నాచు దానికి మీసం. రెండు కనుగుంటల్లోంచి రెండు సెలయేళ్ళు జాలువారి గడ్డం కింద కలుస్తున్నాయి. మూసిన ఆ నోరే గుహద్వారం.

రాతిపెదవులు కదిలాయి.

"ఆగండి! ఈ ద్వారంలోకి నాయకుడికి మాత్రమే ప్రవేశం."

"నేనే!" అని నలభై గొంతులు లేచాయి. ఆ "నేనే" కొండల్లో మారుమోగి, తిరిగొచ్చి, మళ్ళీ మారుమోగింది. పైన ఎగురుతున్న గద్ద ఒకటి దడుచుకుని దిశ మార్చుకుంది.

"అయితే ఆ మాటకు అర్థం చెప్పండి," అంది రాతిముఖం. "సరిగ్గా చెబితే తలుపు తెరుచుకుంటుంది. తప్పు చెబితే చెప్పినట్టే అయిపోతారు."

"చెప్పినట్టే అయిపోతామా! అంతకంటే ఏం కావాలి?" అంటూ సేనానాయకుడు చండవిక్రముడు మీసం మెలేస్తూ ముందుకు దూకాడు. "నాయకుడంటే అందరి జుట్టూ తన చేతిలో ఉన్నవాడు!"

ఫట్‌మని చప్పుడైంది. చండవిక్రముడు నిలబడ్డ చోట ఒక దంతపు దువ్వెన పడి ఉంది.

కొలువునాయకుడు దాన్ని కాలితో పక్కకు నెట్టి దగ్గాడు. "పాపం, మోటుమనిషి. నాయకుడంటే ఎవరి ముందు ఎంతటివాడైనా తల వంచుకుని వెళ్ళాలో వాడు."

ఫట్! అక్కడ ఒక పొట్టి ద్వారబంధం నిలబడింది. నడుమెత్తు కూడా లేదు.

"నాయకుడంటే తెల్లవారి లేచింది మొదలు అందరి నోళ్ళలో నానేవాడు!" అన్నాడు గరిటెనాయకుడు. వేపపుల్ల అయిపోయాడు.

"అందరి నెత్తినా ఉండేవాడు!" గొడుగునాయకుడు. తలపాగా.

"ఎవడి మాట ఊరంతటికీ వినిపిస్తుందో వాడు!" కపోతనాయకుడు. కంచుగంట.

చూస్తున్నవాళ్ళయినా బెదరాలి గదా! బెదరలేదు. ఒక్కొక్కడికీ ముందువాడి జవాబే తప్పు, తన జవాబు ఒప్పు. పైగా ఆలస్యమైతే తన వంతు వెనుకబడుతుంది. అరఘడియలో గుహముందు సంత దిగినట్టయింది. పీటలు, పిడులు, కాగడాలు, వింజామరలు, ఒక పెద్ద గుమ్మడికాయ. ఆ గుమ్మడికాయ అయినవాడు ఏ జవాబు చెప్పాడో గవరయ్యకు వినిపించలేదు.

అన్నిటికీ మాట మాత్రం ఉంది. "నన్ను ముందు ఎత్తు!" అంది దువ్వెన. "నన్ను ముందు!" అంది వేపపుల్ల.

గవరయ్య కావడి దించి, నుదుటి చెమట తుడుచుకుని, రాతిముఖానికి దణ్ణం పెట్టాడు.

"సామీ, నాకీ నాయకుడూ గీయకుడూ తెలీదు. మా బావ లోపలున్నాడు. మా అక్కకు మాటిచ్చాను. ఆయన్ని తీసుకుపోవడానికొచ్చాను."

రాతికళ్ళ సెలయేళ్ళు ఒక్క క్షణం ఆగిపోయాయి.

"ఏమన్నావు?"

"ఏమన్నాను సామీ? తీసుకుపోవడానికొచ్చానన్నాను."

"తీసుకుపోవడం!" రాతిముఖం కేకేసింది. "నయతీతి నాయకః! 'నీ' అన్న ధాతువుకు తీసుకుపోవడం అని అర్థం నాయనా. తీసుకుపోయేవాడే నాయకుడు. నేత అన్నా ఆ ధాతువే. కథను చివరిదాకా తీసుకుపోతాడు కనుక కావ్యంలో వాణ్ణి నాయకుడన్నారు. హారాన్నంతా తన అందంతో నడిపిస్తుంది కనుక నడిమి రత్నాన్ని నాయకమణి అన్నారు. మీ రాజు ఆ మాటను పట్టుకెళ్ళి గరిటెకు తగిలించాడు! రెండు వందల ఏళ్ళుగా ఈ ఒక్క జవాబు కోసం ఇక్కడ నోరు కట్టుకుని కూర్చున్నాను."

"తమరెవరు సామీ?"

"శబ్దశాస్త్రిని. ధూమకంఠుడు అనే మాంత్రికుడు లోపలున్నాడే, వాడొకనాడు మంత్రం చదువుతూ విసర్గ మింగేశాడు. తప్పు దిద్దాను. కోపమొచ్చి నన్ను కొండకు అతికించాడు." రాతిముఖం ఇంతలో కంగారుపడింది. "అయ్యో నాయనా, సంతోషంలో అసలు సంగతి మరిచాను. నువ్వు తప్పు చెప్పాల్సింది."

"ఎందుకని?"

"నిజమైన నాయకుణ్ణి బలి ఇవ్వడానికే వాడీ పరీక్ష పెట్టాడు."

గవరయ్య వెనక్కి తిరిగేలోపు రాతినోరు తెరుచుకుంది. లోపలి నుంచి వచ్చిన గాలి అతణ్ణి, కావడిని, దువ్వెనను, ద్వారబంధాన్ని, గుమ్మడికాయను కలిపి ఒక్క గుటకలో మింగేసింది.

కళ్ళు తెరిచేసరికి అతనొక మహామందిరంలో ఉన్నాడు. స్ఫటికస్తంభాలు వెయ్యికి పైమాటే. పైకప్పులో గుండ్రని రంధ్రం, దాంట్లోంచి కరిగించిన బంగారంలా ఎండ కారుతోంది. నేల బీటల కింద ఏదో నది ఘోషిస్తున్న చప్పుడు. దూరంగా నూరు మెట్ల పైన శిలాకరాళి అనే రాతిదేవత విగ్రహం. దానికి కళ్ళు లేవు. చెవులు మాత్రం చేటలంతేసి ఉన్నాయి. కుడిచేయి పైకెత్తి, దేనికోసమో కాచుకుని ఉంది.

స్తంభానికి కట్టేసి ఉన్న ఎర్రప్పడు బావమరిదిని చూసి మొహం చిట్లించాడు.

"ఇంత ఆలస్యమేంట్రా? మూడు రోజులుగా భుజం మీద బరువు లేక మెడ పట్టేసింది."

"నడిచొచ్చాం బావా. అడ్డంగా నడిచాం. తర్వాత చెబుతాను."

పక్కనే మేనా ఉంది. దాని తలుపులు లోపలి నుంచి గడియ పెట్టి ఉన్నాయి. అందులోంచి రాజకుమార్తె హేమలేఖ గొంతు ఖంగుమంది. "ఎవరక్కడ? ఆ పొగమొహంవాడైతే నేను రానన్నానని చెప్పండి. ముప్ఫై సార్లు చెప్పాను."

అప్పుడు వచ్చాడు ధూమకంఠుడు. మనిషి సన్నగా, ఎండుకట్టెలా ఉన్నాడు. జట మాత్రం ఏడు మూరలు. దాన్ని నేల తగలకుండా రెండు పొగభూతాలు వెనకాల మోస్తున్నాయి.

"వచ్చావా!" అని చేతులు రుద్దుకున్నాడు. "రాచపిల్లను ఎత్తుకొస్తే నాయకుడనేవాడు తప్పకుండా వస్తాడనుకున్నాను. మిట్టమధ్యాహ్నం వేళ నిజమైన నాయకుణ్ణి శిలాకరాళికి అప్పగిస్తే పద్నాలుగు రాజ్యాలు నా పాదాల దగ్గర ఉంటాయి." ఇంతలో అతని చూపు చిందరవందరగా పడి ఉన్న సామాను మీద పడింది. "ఈ గుంపులో నాయకుడెవరు?"

రత్నావతీపురం చరిత్రలో ఎన్నడూ జరగని విశేషం ఆ క్షణాన జరిగింది. నలభైమంది నాయకులూ ఒకే మాట మీదికి వచ్చారు.

"ఇతనే!" అంది దువ్వెన.

"పుట్టుకతోనే నాయకుడు!" అంది వేపపుల్ల.

"మేమంతా వస్తువులం బాబూ, మాకేం తెలుసు!" అని గంట ఖణఖణమంది.

గవరయ్య వాటిని తిట్టబోయాడు. తిట్టడానికి ఊపిరాడలేదు. పొగభూతాలు అప్పటికే అతణ్ణి చుట్టేశాయి.

"బలికి వెళ్ళే నాయకుడు కాలినడకన పోకూడదు," అన్నాడు మాంత్రికుడు. "వాహనం మీద, పరివారంతో పోవాలి. మేనా నేలకు తగిలితే బలి చెడుతుంది." అని హేమలేఖ వద్దంటున్నా మంత్రంతో తలుపు తెరిపించి, గవరయ్యను లోపలికి తోసి, సామానంతా మీద పోశాడు. ద్వారబంధం పట్టకపోతే పైన కట్టాడు.

మేనాలో రాజకుమార్తె దువ్వెనను మోకాలి కింద నుంచి లాగి మూలకు విసురుతూ గవరయ్య చెవిలో గుసగుసలాడింది. "భయపడకు. మూడు రోజులుగా ఈ కిటికీ కంతలోంచి వాడి పూజ చూస్తున్నాను. ఆ విగ్రహానికి కళ్ళు లేవు. అడుగుల చప్పుడు వింటుంది. వచ్చేవాళ్ళలో ముందు ఎవడుంటే వాణ్ణే పట్టుకుంటుంది. నిన్న నైవేద్యంగా తెచ్చిన మేకను వదిలేసి, దాని కంటే ఒకడుగు ముందేసిన భూతాన్ని పట్టుకుంది. వాడు కళ్ళు మూసుకుని మంత్రం చదువుతూ అది చూడలేదు."

గవరయ్యకు అర్థమైంది. మేనా గోడకు నోరు ఆనించి, బోయీలు మాట్లాడుకునే రాగంలో, "ఓహోం బావా, వెనకే పట్టు, ఓహోం, ముందు పట్టకు, ఓహోం" అన్నాడు.

ఎర్రప్పడి కట్లు విప్పి, "ఊఁ, ఎత్తు" అన్నాడు మాంత్రికుడు.

"రెండో వైపు ఎవరు పడతారండీ?"

మాంత్రికుడు భూతాలకేసి చూశాడు. ఒక భూతం కొమ్ముకింద భుజం పెట్టింది. ఆ బరువుకు కొమ్ము పొగలోంచి దూరి కిందికి దిగిపోయింది. ఇంకొకటి ప్రయత్నించింది. దాని తలలోంచి కూడా దూరింది.

"అయితే నువ్వు ముందు పట్టు, నేను వెనుక పడతాను," అన్నాడు మాంత్రికుడు.

ఎర్రప్పడు చెంపలు వేసుకున్నాడు. "నేను వెనక బోయీనండీ. మా నాన్న వెనక బోయీ, మా తాత వెనక బోయీ. ముందు పట్టానంటే కాళ్ళు తడబడి తప్పకుండా పడేస్తాను. పడేస్తే బలి చెడుతుందని తమరే అన్నారు. నాకేం, పట్టమంటే పడతాను!"

పైకప్పు రంధ్రంలో సూర్యుడు నడిమికి జరుగుతున్నాడు. వేళ మించిపోతోంది. ధూమకంఠుడు పళ్ళు కొరుక్కుని ముందుకొమ్ము భుజానికెత్తుకున్నాడు.

నూరు మెట్లు. మేనాలో ఇద్దరు మనుషులు, ముప్ఫై తొమ్మిది శాల్తీలు, నెత్తిన ద్వారబంధం. పదో మెట్టుకే మాంత్రికుడి నడుం వంగింది. "అడుగు కలపండి సామీ!" అని వెనకనుంచి ఎర్రప్పడు, "నడుం వంచకండి, భుజం మార్చుకోండి!" అని లోపలినుంచి గవరయ్య. అరవయ్యో మెట్టు మీద గుమ్మడికాయ కిటికీలోంచి తల పెట్టి ఇంకాస్త కుదుపు లేకుండా నడవమని ఆజ్ఞాపించింది.

నూరో మెట్టు ఎక్కాడో లేదో శిలాకరాళి చేటచెవులు కదిలాయి. రాతిచేయి పిడుగులా దిగి ధూమకంఠుడి జటను పిడికిట బిగించింది.

"నన్ను కాదు, నన్ను కాదు!" అని మాంత్రికుడు గిలగిలలాడాడు. "నేను నాయకుణ్ణి కాను! వాడు లోపలున్నాడు!"

"వీళ్ళందరినీ ఇక్కడికి తీసుకొచ్చింది ఎవరు?" విగ్రహం గొంతు గుహంతా దద్దరిల్లింది.

వెంటనే మేనాలోంచి నలభై గొంతులు ఉత్సాహంగా లేచాయి.

"ఈయనే! సాక్షాత్తూ ఈయనే తీసుకొచ్చాడు! మేం కళ్ళారా చూశాం!"

విగ్రహం లాగింది. మాంత్రికుడూ ప్రాణభయంతో లాగాడు. చివరకు కుదుళ్ళతో సహా ఏడు మూరల జట విగ్రహం చేతిలో మిగిలింది. బోడిగుండుతో ధూమకంఠుడు మెట్ల మీది నుంచి దొర్లి, నేల బీటలోంచి కింద ఘోషిస్తున్న నదిలోకి దూకేశాడు. చేతికి చిక్కింది ఒట్టి వెంట్రుకలని తెలిసిన శిలాకరాళికి ఎంత కోపం వచ్చిందంటే, కాలు ఎత్తి ఒక్క తాపు తన్నింది. మందిరం రెండుగా చీలింది. మేనా, దాని వెనుకకొమ్ము వదలని ఎర్రప్పడితో సహా, సరాసరి నదిలో పడింది.

చీకటి సొరంగంలో మేనా బాణంలా దూసుకుపోతుండగా ఫట్ ఫట్ ఫట్‌మని చప్పుళ్ళు మొదలయ్యాయి. మంత్రం విడిపోతోంది. దువ్వెన ఉన్నచోట చండవిక్రముడు, గంట ఉన్నచోట కపోతనాయకుడు. ఒక్కరి కోసం చేసిన మేనాలో నలభై ఇద్దరు! తలుపులు ఊడిపోయాయి. చోటు చాలనివాళ్ళు కొమ్ములకు వేలాడారు. వేలాడుతూనే, "నేను ముందు కూర్చుంటాను!" అని మొదలుపెట్టారు.

"మీ నోళ్ళు పడ!" అంది హేమలేఖ. "ముందు ఏముందో చూశారా?"

సొరంగం చివర వెలుగు. ఆ వెలుగు అంచున నది లేదు. నీళ్ళన్నీ ఆకాశంలోకి పడిపోతున్నాయి.

గవరయ్య ఒక చేత్తో రాజకుమార్తె ఓణీకొంగు, మరో చేత్తో బావ మొలతాడు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. జలపాతంతో పాటు పడ్డారు, పడ్డారు, పడుతూనే ఉన్నారు. చివరికి మెత్తగా, జిగటగా, చేపల వాసనగా ఉన్న దేనిమీదో పడి ఎగిరారు.

అది వల. రావిమానంత లావు పిడికిలితో ఆ వలను పట్టుకుని ఒడ్డున ఒక రాక్షసి కూర్చుని ఉంది. కొప్పులో ఎండిన పడవ ఒకటి దువ్వెనలా గుచ్చుకుని ఉంది. ఆమె వలను మొహం దగ్గరికి ఎత్తి, కొత్తకోడలు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వాళ్ళను వేలితో అటూ ఇటూ జరిపి చూసింది.

"అబ్బో, ఇవాళ పంట పండిందే!" అంది. "నేను నియమం తప్పేదాన్ని కాను. పట్టిన గుంపులో నాయకుణ్ణి వదిలేస్తాను, మిగతావాళ్ళను పులుసు పెడతాను. మీలో నాయకుడెవరు?"

"నేనే!" నలభైమంది గొంతులు జలపాతపు హోరును మించిపోయాయి.

రాక్షసి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పది దాటాక ఆమెకు వేళ్ళు చాలలేదు, కాలివేళ్ళు కూడా కలుపుకుంది, అవీ చాలలేదు. మొహం వేలాడేసింది. "ఇంతమందా! సరే, మాట మాటే." ఒక్కొక్కణ్ణీ మెడపట్టి ఒడ్డున దించింది. వాళ్ళు వెనక్కి చూడకుండా, ఎవడు ముందో తేలని ఒకే వరుసలో, ఇసుకలో పడి పరుగెత్తారు.

"అమ్మా, మా సంగతేంటి?" అన్నాడు ఎర్రప్పడు.

"మీ ముగ్గురూ 'నేనే' అనలేదుగా," అంది రాక్షసి. వాళ్ళను పక్కనున్న చెరువంత కుండలోకి జారవిడిచి మూత పెట్టేసింది.

లోపల మెడలోతు చింతపండు నీళ్ళు. మూత కంతలోంచి సన్నని వెలుగు పడుతోంది. గవరయ్య బావను పైకెత్తి పట్టుకుని, రాజకుమార్తెకు ఆసరాగా ఒక పెద్ద వంకాయను తోశాడు. బయట రాక్షసి కట్టెలు విరుస్తున్న చప్పుడు.

అప్పుడు కుండ అవతలి అంచున, మునగకాడలను కావలించుకుని తేలుతున్న బోడిగుండు ఒకటి మెల్లగా వాళ్ళవైపు తిరిగింది.

"వచ్చారా," అన్నాడు ధూమకంఠుడు ఏడుపుగొంతుతో. "ఇంకా పొయ్యి వెలిగించలేదు. మీలో ఎవరికైనా మంత్రాలొచ్చా? నావి జుట్టుతోపాటే పోయాయి."